కొత్తపేటలో ఒక టీకాల పట్టిక, పీహెచ్‌సీలో ఇంకొకటి

గుంటూరు కొత్తపేటలోనో, విజయవాడ సూర్యారావుపేటలోనో పిల్లల డాక్టర్ ఇచ్చే టీకాల పట్టికనూ, ప్రభుత్వ ఆరోగ్య కేంద్రం (పీహెచ్‌సీ)లో ఏఎన్ఎం ఇచ్చే టీకాల కార్డునూ పక్కపక్కన పెట్టి చూసిన తల్లిదండ్రులకు టెన్షన్ మొదలవుతుంది. డాక్టర్ పట్టికలో టైఫాయిడ్, హెపటైటిస్-ఏ, చికెన్‌పాక్స్ లాంటివి అదనంగా ఉంటాయి. అవి నిజంగా అవసరమా, బిల్లు పెంచడానికా?

ఆ పట్టిక సాధారణంగా ఏ ఒక్క ఆసుపత్రో వేసుకున్నది కాదు, ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ (ఐఏపీ) సిఫార్సు చేసింది. ముంబైలో ఒకటి, కోల్‌కతాలో ఒకటిగా నడిచిన రెండు సంఘాలు 1963లో కలిస్తే ఐఏపీ ఏర్పడింది. డాక్టర్ల మీద దీనికి చట్టబద్ధ అధికారమేమీ లేదు. అయినా దీని కమిటీ చెప్పిన మాటను దేశమంతటా పిల్లల డాక్టర్లు పాటిస్తారు.

ప్రభుత్వ టీకాల కార్యక్రమం 1978లో మొదలై, 1985 నుంచి అందరు పిల్లలకూ విస్తరించింది. కోట్ల మందికి సరిపడా మందు కొనాలి, చల్లదనం చెడకుండా పల్లె దాకా చేర్చాలి కాబట్టి ప్రభుత్వం ఆచితూచి కదులుతుంది. ఐఏపీ చూసేది ఎదురుగా కూర్చున్న ఒక్క బిడ్డను. అందుకే చాలా టీకాలు ముందు ఐఏపీ పట్టికలోకి ఎక్కి, ఆ తర్వాతే కార్డులోకి వచ్చాయి. విరేచనాలను అడ్డుకునే రోటావైరస్ టీకాను 2016లో ఉచితంగా మొదలుపెట్టిన తొలి నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. న్యుమోనియాకు వేసే పీసీవీ 2021లో దేశమంతటికీ అందింది. అంతకుముందు మన రాష్ట్రంలో ఇవి డబ్బున్నవాళ్ల పిల్లలకే.

అలాగని ఐఏపీ ఎప్పుడూ ఖరీదైనదాని వైపే లేదు. కోరింత దగ్గుకు 'నొప్పి లేని టీకా' రక్షణ త్వరగా తగ్గిపోతోందని, మొదటి మూడు డోసులకు చవకైన పాత రకమే మేలని 2013లో చెప్పింది. తర్వాత కొంత సడలించిందనుకోండి.

బిల్లు పెంచడానికేనన్న అనుమానం పూర్తిగా తప్పనీ అనలేం. డబ్బాపాల కంపెనీలు డాక్టర్ల సంఘాల సదస్సులకు డబ్బివ్వకుండా 2003లో సవరించిన చట్టం అడ్డుకుంది. టీకాల కంపెనీలకు ఆ చట్టం వర్తించదు. కనీసం ఏది పీహెచ్‌సీలో ఉచితమో, దేనికి డబ్బు కట్టాలో డాక్టరే ముందు చెప్పాలి.

గవదబిళ్లల తేడా ఇంకా అలాగే ఉంది. ఐఏపీ తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా మూడింటికీ కలిపి ఎంఎంఆర్ టీకా వేయమంటుంది. ప్రభుత్వం 2017 నుంచి మన రాష్ట్రంలో ఇస్తున్నది తట్టు, రుబెల్లాలకు మాత్రమే పనిచేసే ఎంఆర్. అందులో గవదబిళ్లల మందు ఉండదు.