పూడిక మట్టి, చేప ముల్లు

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

మొన్న బెంగళూరులో బెళ్లందూరు చెరువు పక్కగా వెళ్తుంటే నల్లటి పూడికను చూసి అడిగారు కదా, "మన ఊళ్లోలాగా ఈ మట్టినీ పొలాలకు తోలుకోవచ్చు కదా తాతయ్యా?" అని. దారిలో సరిగ్గా చెప్పలేకపోయాను. ఆ ప్రశ్న నన్ను ఊరు చేరినా వదలలేదు.

మన ఊరి చెరువులోకి వానకు కొట్టుకొచ్చిన ఒండ్రు చేరుతుంది. బెళ్లందూరుకు దశాబ్దాలుగా నగరపు మురుగు చేరింది. 2017 ఫిబ్రవరిలో ఆ చెరువు మీద మంటలు లేచాయి. నీటి మీద పేరుకున్న నురగ, ఆ మంట అందరికీ కనిపించాయి. సీసం, కాడ్మియం, జింకు వంటి లోహాలు మాత్రం కనిపించకుండా అడుగు బురదలో చేరతాయి. చెత్త కుళ్లిపోతుంది. సీసం ఎన్నేళ్లయినా సీసమే. కాల్చినా, కడిగినా, పాతిపెట్టినా నశించదు.

అయితే అది ఏ రూపంలో ఉందన్నదే అసలు సంగతి. కళాయి లేని ఇత్తడి గిన్నెలో పులుసు కాయడానికి మీ నానమ్మ ఒప్పుకోదు. గిన్నెలో ఉన్నంతవరకు ఇత్తడిలోని రాగితో భయం లేదు, పులుపు తగిలి కరిగితేనే అది కడుపులోకి దిగుతుంది. చెరువులోనూ అంతే. గాలి తగలని బురదలో గంధకం లోహాలను సల్ఫైడులుగా పట్టి ఉంచుతుంది. ఆ నలుపుకీ, కుళ్లిన గుడ్డు వాసనకీ మూలం ఆ గంధకమే. బురదను తోడి ఎండలో పోస్తే గాలి తగిలి సల్ఫైడులు విడిపోతాయి, ఆమ్లం పుడుతుంది, పట్టు సడలుతుంది. తర్వాతి వానకు ఆ లోహం ఆకుకూరల మడిలోకి చేరవచ్చు. అందుకే పరీక్ష చేయించకుండా ఆ మట్టిని పొలానికి తోలకూడదు.

నశించని దాన్ని కదలకుండా కట్టివేయాలి. అందుకు ఖనిజాలు పనికొస్తాయి. అపటైట్ అనే ఖనిజంలో కాల్షియం, ఫాస్ఫేటు ఉంటాయి. మీ పళ్లు, ఎముకలు ఆ జాతి ఖనిజంతో కట్టినవే. దాని పొడిని సీసం ఉన్న మట్టిలో కలిపితే, ఫాస్ఫేటు సీసంతో కలిసి పైరోమార్ఫైట్ అనే కొత్త ఖనిజం అవుతుంది. అది నీటిలో దాదాపు కరగదు. 2011లో అమెరికాలోని ఓక్లాండ్ నగరంలో సీసం పట్టిన పెరటి మట్టిలో చేప ఎముకల పొడి కలిపారు. మనం తిని పారేసే ముల్లు పిల్లల ఆటస్థలాన్ని కాపాడుతుందంటే నాకు ఇప్పటికీ ఎంతో సంతోషం.

ఒకే ఖనిజం అన్ని లోహాలనూ పట్టదు. జియోలైట్ అనే ఖనిజం, బెంటొనైట్ అనే బంకమట్టి కొన్ని లోహాలను తమ పొరల్లో, రంధ్రాల్లో పట్టుకుంటాయి. సున్నం పులుపును విరుస్తుంది. ఆర్సెనిక్‌కు ఇనుప ఆక్సైడు కావాలి. అక్కడ ఫాస్ఫేటు వేస్తే అది ఆర్సెనిక్‌ను తోసివేసి నీళ్లలోకి వదులుతుంది. చెరువులోనైతే ఫాస్ఫేటు ఎక్కువైతే గుర్రపుడెక్కకు మనమే ఎరువు వేసినట్టు. ఏ లోహం, ఎంత, ఏ రూపంలో ఉందో తేల్చకుండా బస్తాలు కుమ్మరించడం నాకు నచ్చదు.

ఇంత చేసినా లోహం అక్కడే ఉంటుంది. మళ్లీ మళ్లీ పరీక్షిస్తూ ఉండాలి. పైనుంచి మురుగు ఆగకపోతే, కట్టివేసిన బురద మీద కొత్త బురద పేరుకుంటుంది. బెళ్లందూరు నీళ్లు వర్తూరు చెరువు మీదుగా దక్షిణ పినాకిని నదిలో కలిసి తమిళనాడుకు పారుతాయి. ఆ నీళ్లతో పైరు పెట్టుకునే రైతుల పిల్లలూ మీ వయసువాళ్లే.

సంక్రాంతికి వచ్చినప్పుడు నానమ్మను అడిగి కిలుము పట్టిన రాగి చెంబు, కాస్త చింతపండు తీసి పెడతాను. తోముతూ మిగతాది మాట్లాడుకుందాం.

మీ తాతయ్య