12 సెకన్ల దూరం

పిల్లలూ,

"తాతయ్యా, ల్యాబులో నువ్వు అసలేం చేసేవాడివి?" అని మొన్న ఫోన్లో అడిగారు. అది ఫోన్లో తేలే మాట కాదని ఉత్తరం రాస్తున్నాను.

కలిసిపోయిన పదార్థాలను విడదీయడం నా పని. దాన్ని క్రొమటోగ్రఫీ అంటారు. ఆ పేరును 1906లో పెట్టింది రష్యన్ వృక్షశాస్త్రవేత్త మిఖాయిల్ త్స్వెట్. ఆకుల రసాన్ని సుద్దపొడి నింపిన గాజు గొట్టంలోంచి పంపితే పచ్చ, పసుపు పట్టీలుగా విడిపోయింది. ఆయన కళ్లతోనే చూడగలిగాడు. మా పదార్థాలకు చాలావరకు రంగు ఉండదు. కాలమ్, అంటే పొడి నింపిన అలాంటి గొట్టం, దాటి వచ్చే ద్రవాన్ని డిటెక్టర్ అతినీలలోహిత కాంతితో పసిగడుతుంది. పదార్థం రాగానే తెర మీద గీత కొండలా లేస్తుంది. దాన్ని పీక్ అంటాం. అప్పుడు వాల్వు తిరిగి, ఆ ద్రవం వేస్టు సీసాలోకి పోకుండా ట్యూబులో పడాలి.

ఎప్పుడు తిరగాలి? చిక్కంతా అక్కడే. డాబా మీద సోలార్ హీటర్ ఉన్నా, కుళాయి తిప్పగానే మొదట చన్నీళ్లే వస్తాయి కదా! పైపులో నిలిచిన నీళ్లు ముందు పోవాలి. డిటెక్టర్‌కూ వాల్వుకూ మధ్య కూడా అలాగే సన్నని గొట్టం ఉంటుంది. లోపలి వ్యాసం 0.5 మిల్లీమీటర్లు, పొడవు 1 మీటరు అయితే అందులో సుమారు 0.2 మిల్లీలీటర్లు పడుతుంది. నిమిషానికి 1 మిల్లీలీటరు చొప్పున పారితే అది దాటడానికి 12 సెకన్లు. వేగం రెట్టింపు చేస్తే 6 సెకన్లే. సెకన్లు మారతాయి కానీ గొట్టంలో పట్టేది మారదు. అందుకే నోట్‌బుక్‌లో ఎప్పుడూ మిల్లీలీటర్లే రాసుకునేవాణ్ణి.

ఒకసారి పాత గొట్టం తీసి పొడవైనది వేసి, లెక్క మార్చడం మరిచిపోయాను. వాల్వు ముందే తెరుచుకుని ముందే మూసుకుంది. పీక్‌కు ముందుండే మలినం ట్యూబులో చేరింది, పీక్ తోక వేస్టులోకి పోయింది. మూడు వారాలు కష్టపడి చేసిన పదార్థం అది! వేస్టు సీసా ఇంకా పారబోయలేదు కాబట్టి, రాత్రంతా కూర్చుని దాంట్లోంచి మళ్లీ తీసుకున్నాం.

ఆ తర్వాత ఏ చిన్న గొట్టం మార్చినా కొలిచి తీరేవాణ్ణి. కాలమ్ తీసేసి, వేగం తగ్గించి, కాస్త నీలిరంగు ఇంజెక్ట్ చేసేవాణ్ణి. తెర మీద గీత లేవగానే స్టాప్‌వాచ్ నొక్కి, వాల్వు మూతి దగ్గర తెల్లని టిష్యూ కాగితం జరుపుతూ పట్టుకోవాలి. చుక్క, చుక్క, చుక్క... అన్నీ తెల్లగానే. ఉన్నట్టుండి ఒక చుక్క అంచున లేత నీలం. అదే క్షణం! మూడుసార్లు చేసి సగటు తీసేవాణ్ణి. కాగితం మీద వేసిన లెక్క కన్నా అది ఎప్పుడూ కాస్త ఎక్కువే వచ్చేది, ఎందుకంటే డిటెక్టర్ లోపలా జాయింట్లలోనూ కొంత ద్రవం ఉంటుంది.

సెలవులకు వచ్చేటప్పుడు స్టాప్‌వాచ్ తెచ్చుకోండి. మొక్కలకు నీళ్లు పట్టే పైపులో సిరా వేసి కొలుద్దాం.

మీ తాతయ్య