అద్దాల తొట్టికి ఏ నీళ్లు?

భీమవరం, ఆకివీడు, కైకలూరు వైపు చేపల చెరువు రైతును నిద్రలో లేపి అడిగినా, చేపల మలమూత్రాల నుంచి, మిగిలిన మేత నుంచి పుట్టే విషం అమ్మోనియా సంగతి చెబుతాడు. అదే ఇంట్లో పిల్లల కోసం కొన్న రెండడుగుల అద్దాల తొట్టిలో మాత్రం గప్పీ చేపలు వారం తిరక్కుండా తేలిపోతుంటాయి. చెరువులో జరిగేదే తొట్టిలోనూ జరుగుతుంది, కాకపోతే నీళ్లు కొంచెమే కాబట్టి దిద్దుకునే వ్యవధి ఉండదు. అందుకే డెల్టాలో చేప కంటే ముందు నీళ్లు ఎంచుకోవాలి.

మన ఇళ్లకు వచ్చే నీళ్లు మూడు రకాలు. మొదటిది ధవళేశ్వరం నుంచి పంట కాలువల్లో వచ్చి, మంచినీళ్ల చెరువు మీదుగా కుళాయికి చేరే గోదావరి నీరు. కాస్త క్షారగుణం, తగుమాత్రం ఖనిజాలు ఉన్న ఈ నీరు చాలా చేపలకు సరిపోతుంది. కుళాయిలో బ్లీచింగ్ వాసన వస్తే డ్రమ్ములో పట్టి, గాలి పంపు పెట్టి ఒక రోజు ఉంచాలి. వరదల రోజుల్లో ఎర్రనీరు వస్తే రెండు రోజులు తేరనివ్వాలి. మురుగు కాలువ నీళ్లు మాత్రం ఎంత తేటగా కనిపించినా వద్దు. వరిచేలల్లో కొట్టిన పురుగుమందులు చివరికి చేరేది అక్కడికే.

రెండోది బోరు నీరు. నరసాపురం వైపు, అంటే సముద్రానికి దగ్గరయ్యేకొద్దీ, ఉప్పదనం పెరుగుతుంది. మోలీలు, గప్పీలు దాన్ని సునాయాసంగా తట్టుకుంటాయి. మెత్తటి, ఆమ్లగుణం ఉన్న అమెజాన్ వాగుల నుంచి వచ్చిన నియాన్ టెట్రాను అందులో వేయడం మాత్రం డబ్బు దండగ. బోరు నీటిలో ప్రాణవాయువు తక్కువ, కరిగిన బొగ్గుపులుసు గాలి (కార్బన్ డయాక్సైడ్) ఎక్కువ. రాత్రంతా గాలి కొట్టించాకే వాడాలి.

మూడోది ఇరవై లీటర్ల టిన్ను నీళ్లు. మనం తాగేవి కదా, చేపకూ మంచివే అనుకుంటారు. ఆర్వో ప్లాంటులో ఖనిజాలతో పాటు క్షారతా, అంటే పీహెచ్ పడిపోకుండా కాపాడే గుణమూ పోతుంది. తొట్టిలోని సూక్ష్మజీవులు 1 మి.గ్రా. అమ్మోనియా నత్రజనిని నైట్రేట్‌గా మార్చడానికి సుమారు 7 మి.గ్రా. క్షారత ఖర్చవుతుంది. టిన్ను నీటిలో ఉన్న కాస్త క్షారతా కొన్నాళ్లకే అయిపోయి పీహెచ్ ఒక్కసారిగా పడిపోతుంది. టిన్ను నీళ్లే గతి అనుకుంటే సగం బోరు నీళ్లు కలపండి. చెరువులకు పరీక్షలు చేసే ఆక్వా ల్యాబు దగ్గర్లో ఉంటే ఒక లీటరు సీసా పట్టుకెళ్లి పీహెచ్, క్షారత, గట్టిదనం చూపించుకోవడం ఇంకా మేలు.

ఇక అమ్మోనియా లెక్క. 60×30×30 సెం.మీ. తొట్టిలో గులకరాళ్లు, పైన వదిలే ఖాళీ పోను 45 లీటర్లు పడతాయి. ఒక గ్రాము మేత నుంచి సుమారు 30 మి.గ్రా. అమ్మోనియా నత్రజని వస్తుంది, అంటే లీటరుకు 0.67 మి.గ్రా. ఇదంతా విషం కాదు. నీరు 28 డిగ్రీలుండి పీహెచ్ 7 అయితే, అందులో చేపను చంపే రూపం నూటికి ఒక వంతు కూడా ఉండదు. పీహెచ్ 8కి చేరితే ఆరేడు వంతులు, అంటే లీటరుకు 0.04 మి.గ్రా. దాటుతుంది. అంతకే మొప్పలు దెబ్బతినడం మొదలవుతుంది. పది గప్పీలకు రోజంతా కలిపి గ్రాములో పదో వంతు మేత చాలు. పోటీపడి మేత వేసే పిల్లలున్న ఇంట్లో గ్రాము దాటడం ఎంతసేపు!

ఈ అమ్మోనియాను నైట్రైట్‌గా, ఆపైన నైట్రేట్‌గా మార్చే సూక్ష్మజీవులు ఫిల్టరు స్పాంజిలో కాపురం పెట్టడానికి నాలుగైదు వారాలు పడుతుంది. అందాకా చేపలు వేయకుండా గాలి పంపు నడుపుతూ రోజూ చిటికెడు మేత వేయండి. ఎవరింట్లోనైనా పాత తొట్టి ఉంటే దాని స్పాంజి పిండిన మడ్డి తెచ్చి పోస్తే పని త్వరగా అవుతుంది. ముందు నాలుగు చేపలే వేసి, రెండు వారాలాగి మిగతావి వేయాలి. మగ గప్పీలే కొంటే మంచిది. ఆడది నెలకోసారి పాతిక ముప్పై పిల్లలు పెడితే ఈ లెక్కలన్నీ తారుమారు. గోల్డ్‌ఫిష్‌కు ఈ తొట్టి చాలదు. కాలువ పరిగెలు బాగానే బతుకుతాయి గానీ గెంతుతాయి, మూత తప్పనిసరి.

వారానికి పావు వంతు నీళ్లు మార్చాలి. స్పాంజిని కుళాయి కింద కడిగితే సూక్ష్మజీవులు చచ్చిపోతాయి. తొట్టిలోంచి తీసిన నీళ్లలోనే పిండాలి.

నైట్రైట్ కూడా చేపకు విషమే. అది పెరిగితే లీటరుకు ఒక గ్రాము కల్లుప్పు వేస్తారు. ఉప్పులోని క్లోరైడు నైట్రైట్‌ను మొప్పల్లోంచి లోపలికి పోనివ్వదు. కానీ చెరువు మందుల కొట్టులో తెచ్చిన, అమ్మోనియాను పట్టుకునే జియోలైట్ రాయి తొట్టిలో ఉంటే ముందు దాన్ని తీసేయాలి. ఉప్పు తగిలితే జియోలైట్ పట్టిన అమ్మోనియాను తిరిగి వదిలేస్తుంది. రెండూ మంచివేనని ఒకేసారి వేసి చేపలను పోగొట్టుకునేది ఇక్కడే.

మన దగ్గర హీటరు అక్కర్లేదు, భయమంతా ఎండాకాలంతోనే. నీరు 25 డిగ్రీల దగ్గర లీటరుకు 8.2 మి.గ్రా. ప్రాణవాయువును పట్టుకుంటే, 30 దగ్గర 7.5 మాత్రమే. పైగా వేడికి చేపకు ఆయాసం ఎక్కువ. కొరమీనులా పైగాలి పీల్చే ఫైటర్, గౌరామీ నెట్టుకొస్తాయి గానీ గప్పీలు పైకొచ్చి నోళ్లు తెరుస్తాయి. కరెంటు పోతే బ్యాటరీ గాలి పంపు పెట్టండి. అది లేకపోతే పావుగంటకోసారి చెంబుతో నీళ్లు తీసి జానెడు ఎత్తు నుంచి పోయండి. తొట్టి బయట మూసిన డబ్బాలో ఉండే ఫిల్టరైతే స్పాంజి బయటికి తీసి తొట్టి నీళ్లలోనే ఉంచండి. గంటలకొద్దీ ఆగిపోయిన ఫిల్టరులో నీరు కుళ్లిపోతుంది, కరెంటు రాగానే అదంతా చేపల మీదికి వస్తుంది. ఆ పూట మేత వేయొద్దు.