పాత జబ్బులతో పరదేశం ప్రయాణం: ట్రావెల్ ఇన్సూరెన్స్‌పై అపోహలు - వాస్తవాలు

హనుమకొండలో ఇన్సూరెన్స్ సలహాదారుగా పనిచేస్తున్నాను. ఎండాకాలం దగ్గర పడుతుంటే నా దగ్గరికి వచ్చేవాళ్లలో సగం మంది పెద్దవాళ్లే. రిటైరైన టీచర్లు, సింగరేణిలో దిగిపోయినవాళ్లు, ఇప్పటికీ పొలం చూసుకుంటున్నవాళ్లు. బిడ్డ పురుడుకు డాలస్ పోవాలి, కొడుకు కొత్త ఇంటి గృహప్రవేశానికి న్యూజెర్సీ పోవాలి. అరవై ఐదు, డెబ్బై, డెబ్బై ఎనిమిదేళ్ల వయసు. ఒకరికి గుండెకు స్టంట్ పడి ఉంటుంది, ఒకరికి ఇరవై ఏళ్ల షుగర్, ఇంకొకరికి కిడ్నీ పరీక్షలో క్రియాటినిన్ కొంచెం ఎక్కువ.

పోయినేడు ఒక దంపతులు వచ్చారు. "ఏమేం మందులు వాడుతున్నారమ్మా?" అని అడిగితే ఆమె ప్లాస్టిక్ కవరు తీసి టేబుల్ మీద కుమ్మరించింది. రెండు బీపీ గోలీలు, షుగరుకు మూడు, రక్తం పలుచబడటానికి ఒకటి, కొలెస్ట్రాల్‌కు ఒకటి. సగం వాడిన షీట్లు రబ్బరు బ్యాండుతో కట్టి ఉన్నాయి. అప్పుడే అమెరికా నుంచి బిడ్డ ఫోన్ చేసింది. "సార్, బాపుకు స్టంట్ పడ్డదని ఫారంలో రాయకుండ్రి. రాస్తే రిజెక్ట్ చేస్తరంట."

ఈ మాట నేను ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. అందుకే మొదట దీని గురించే రాస్తాను.

అపోహ: ఫారంలో రాయకపోతే కంపెనీకి ఎలా తెలుస్తుంది?

వాస్తవం: చెప్పేది మనమే. అక్కడ ఎమర్జెన్సీలో చేరగానే నర్సు అడిగే మొదటి ప్రశ్నలు ఇవే: షుగర్ ఎన్నేళ్ల నుంచి ఉంది, గుండెకు ఏమైనా చేయించుకున్నారా, రోజూ ఏ మందులు వేసుకుంటారు? ఆ జవాబులు అప్పుడే రికార్డులోకి ఎక్కుతాయి. క్లెయిమ్ వెళ్లాక కంపెనీ మొదట తెప్పించుకునేది ఆ రికార్డునే. ఆ తర్వాత ఇక్కడి డాక్టరు చీటీలు, పాత డిశ్చార్జ్ సమ్మరీలు అడుగుతుంది. అనుమానం వస్తే మనిషిని పంపి మన ఊరి దవాఖానలోనే విచారిస్తుంది.

పరకాల వైపు నుంచి వచ్చిన ఒక కుర్రాడు కొన్నేళ్ల కింద నా ముందు కూర్చుని ఒక ఉత్తరం చూపించాడు. తండ్రికి పాలసీ తనే ఆన్‌లైన్‌లో తీసుకున్నాడు, "పాత జబ్బులు ఉన్నాయా" అన్న చోట "లేవు" అని నొక్కాడు. అక్కడ ఆయనకు పక్షవాతం వచ్చింది. డిశ్చార్జ్ సమ్మరీలో మొదటి వాక్యమే "పన్నెండేళ్లుగా హై బీపీ ఉన్న వ్యక్తి". క్లెయిమ్ తిరస్కరించారు. పక్షవాతానికి బీపీ మూలం కాబట్టి వాదించడానికి కూడా ఏమీ మిగల్లేదు. నిజం రాసి ఉంటే బిల్లు మొత్తం వచ్చేదని నేను అనను. ప్రాణాపాయం గట్టెక్కించిన ఖర్చులో కొంత భాగం మాత్రం, ఆ పాలసీ షరతుల ప్రకారం, వచ్చేది.

దీనిలో నన్ను ఇంకా భయపెట్టే సంగతి ఒకటుంది. ఫారంలో దాచినవాళ్లు క్లెయిమ్ పోతుందన్న భయంతో ఆస్పత్రిలో కూడా దాచాలని చూస్తారు. రక్తం పలుచబడే గోలీ వేసుకుంటున్న మనిషి ఆ మాట చెప్పకుండా ఆపరేషన్ టేబుల్ ఎక్కితే ఏమవుతుందో మీ డాక్టర్‌ను అడగండి. దయచేసి ఆ పని మాత్రం ఎప్పుడూ చేయవద్దు.

అపోహ: బీపీ, షుగర్ ఈ వయసులో అందరికీ ఉండేవే. అవి జబ్బుల కింద రావు.

వాస్తవం: వస్తాయి. "మంచిగనే ఉన్నడు సార్, ఒక్క గోలీ వేసుకుంటడు అంతే" అంటారు. ఆ ఒక్క గోలీ చాలు. కంట్రోల్‌లో ఉన్నా, రోజూ మందు వాడుతున్నారంటే అది పాత జబ్బే. పైగా షుగర్ ఒక్కటిగా ఉండదు. కాలి పుండు, కిడ్నీ సమస్య, గుండెపోటు ఏది వచ్చినా "ఇది షుగర్ వల్ల వచ్చిందే" అని కంపెనీ అనగలదు. బాత్‌రూంలో జారిపడి తుంటి ఎముక విరిగితే అది ప్రమాదం, పాత జబ్బుతో సంబంధం లేదు. కానీ షుగర్ డౌనై, కళ్లు తిరిగి పడ్డారని రికార్డులో ఉంటే అక్కడా ప్రశ్న వస్తుంది.

అపోహ: జబ్బు రాశాం, ప్రీమియం ఎక్కువ కట్టాం. ఇక అన్నీ కవర్ అవుతాయి.

వాస్తవం: నా దగ్గరికి వచ్చేవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే, అందుకని కొంచెం వివరంగా చెబుతాను.

మన దేశంలో దొరికే ఓవర్సీస్ ట్రావెల్ పాలసీల్లో చాలావరకు పాత జబ్బును మినహాయిస్తాయి. కొన్ని మాత్రం ఒక చిన్న తలుపు తెరిచి ఉంచుతాయి. ఊహించని ప్రాణాపాయం వచ్చినప్పుడు ప్రాణం నిలబెట్టడానికి చేసే చికిత్సకు, తీవ్రమైన నొప్పి తగ్గించడానికి చేసే చికిత్సకు డబ్బు ఇస్తాయి. మనిషి నిలకడకు వచ్చాడని డాక్టరు రాసిన క్షణం నుంచి ఆ తలుపు మూసుకుంటుంది.

స్టంట్ ఉన్న పెద్దాయనకు అక్కడ గుండెపోటు వచ్చిందనుకోండి. అంబులెన్సు, ఎమర్జెన్సీ, ఐసీయూలో మొదటి చికిత్స ఈ షరతు కిందికి రావచ్చు. నాలుగు రోజుల తర్వాత "బైపాస్ చేయించుకుంటే మంచిది" అంటే అది రాదు. ఆ తర్వాతి చెకప్‌లు, నెలవారీ మందులు రావు. వారానికి మూడుసార్లు డయాలసిస్ చేయించుకునేవారికి అక్కడి డయాలసిస్ ఖర్చు రాదు. నడుస్తున్న కీమోథెరపీ రాదు.

రెండో సంగతి అంకె. పాలసీ మీద రెండున్నర లక్షల డాలర్లని పెద్ద అక్షరాల్లో ఉంటుంది. పాత జబ్బు ఎమర్జెన్సీకి ఇచ్చేది మాత్రం లోపలి పేజీలో వేరే ఉంటుంది, దానికంటే ఎన్నో రెట్లు చిన్నది. అరవై దాటినవారికి కొన్ని ప్లాన్లలో గది అద్దెకు ఇంత, ఐసీయూకు రోజుకు ఇంత, సర్జన్ ఫీజుకు ఇంత అని సబ్ లిమిట్లు కూడా ఉంటాయి. నేను పాలసీ చూపించేటప్పుడు మొదటి పేజీ పక్కన పెట్టి ఆ సబ్ లిమిట్ పట్టికనే ముందు తెరుస్తాను. మీకు పాలసీ అమ్మేవారిని మూడు ప్రశ్నలు అడగండి: పాత జబ్బు ఎమర్జెన్సీకి ఎంత ఇస్తారు? మా వయసుకు సబ్ లిమిట్లు ఉన్నాయా? ఈ మాట పాలసీ కాగితంలో ఏ పేజీలో ఉంది? మూడో ప్రశ్నకు జవాబు చెప్పలేకపోతే డబ్బు కట్టవద్దు.

అపోహ: మూడేళ్లు దాటితే పాత జబ్బులన్నీ కవర్ అవుతాయని బీమా కంపెనీలను నియంత్రించే ఐఆర్‌డీఏఐ చెప్పింది కదా.

వాస్తవం: 2024లో వచ్చిన మార్పు ప్రకారం ఆరోగ్య బీమాలో పాత జబ్బుల వెయిటింగ్ (కవర్ మొదలయ్యేదాకా ఆగాల్సిన కాలం) గరిష్ఠంగా 36 నెలలే. అంతకు ముందు 48 నెలలు ఉండేది. మంచి మార్పే. కానీ అది మనం ఏటా రెన్యువల్ చేసుకునే హెల్త్ పాలసీల సంగతి. ట్రావెల్ పాలసీ ఉండేదే నెల, మూడు నెలలు, ఆరు నెలలు. అందులో మూడేళ్ల వెయిటింగ్ పూర్తయ్యే ప్రసక్తే లేదు. ప్రయాణం మొదలయ్యే రోజుకు ఉన్న జబ్బు పాత జబ్బే.

అపోహ: ఆరోగ్యశ్రీ ఉంది, డెబ్బై దాటినవారికి ఆయుష్మాన్ కార్డు ఉంది, కొడుకు కంపెనీ ఇన్సూరెన్స్ ఉంది. ఇక ట్రావెల్ పాలసీ ఎందుకు?

వాస్తవం: తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబరులో 10 లక్షల రూపాయలకు పెరిగింది. డెబ్బై దాటినవారికి ఆయుష్మాన్ భారత్ కింద 5 లక్షల కవరు 2024 అక్టోబరులో మొదలైంది. రెండూ వాటి జాబితాలో ఉన్న మన ఆస్పత్రుల్లోనే పనిచేస్తాయి, విమానం ఎక్కాక పనికిరావు. అమెరికాలో ఉద్యోగ సంస్థలిచ్చే ఇన్సూరెన్స్ సాధారణంగా భార్యాభర్తలకు, పిల్లలకే. చూడటానికి వచ్చిన తల్లిదండ్రులు అందులో చేరరు.

అపోహ: అమెరికాలో ఎమర్జెన్సీ అయితే డబ్బు లేకున్నా చూడాలని చట్టం ఉంది.

వాస్తవం: ఉంది, 1986 నాటి చట్టం. ఎమర్జెన్సీ ఉన్న ఆస్పత్రికి వెళితే డబ్బు గురించి ఆగకుండా పరీక్షించి, మనిషిని నిలకడకు తేవాలి. కానీ ఉచితంగా చేయాలని అందులో లేదు. బిల్లు తర్వాత ఇంటికి వస్తుంది.

అపోహ: ఇక్కడి పాలసీలు దండగ. అక్కడికి వెళ్లాక అమెరికన్ విజిటర్ ఇన్సూరెన్స్ తీసుకుంటే పాత జబ్బులు కూడా కవరే.

వాస్తవం: కొన్ని అమెరికన్ ప్లాన్లు నిజంగానే మెరుగు. ఆ సంగతి నేను దాచను, నాకు కమిషన్ రాకపోయినా కొందరికి అదే తీసుకోమని చెప్పాను. కానీ అందులో వాడే "అక్యూట్ ఆన్‌సెట్" అన్న మాట అర్థం చేసుకోవాలి. పాత జబ్బు ఏ సూచనా లేకుండా హఠాత్తుగా తిరగబెట్టాలి, సాధారణంగా 24 గంటల్లోపు చికిత్సకు వెళ్లి ఉండాలి. వారం నుంచి కాళ్లకు నీరు పడుతూ, మెట్లెక్కితే ఆయాసం వస్తూ, పదో రోజు ఆస్పత్రికి వెళితే అది హఠాత్తు కాదని అంటారు. మనవాళ్లు పిల్లలకు టెన్షన్ పెట్టకూడదని ఆయాసాన్ని దాచుకుంటారు. ఆ దాచుకోవడం వల్ల ఆరోగ్యమూ పోతుంది, క్లెయిమూ పోతుంది. వయసు కూడా చూడండి. డెబ్బై దాటితే ఈ సౌకర్యం తగ్గించేవి, కొంత వయసు తర్వాత పూర్తిగా తీసేసేవి ఉన్నాయి.

ఫిక్స్‌డ్, కాంప్రిహెన్సివ్ అని రెండు రకాలు ఉంటాయి. ఫిక్స్‌డ్ చవక. ఒక్కో చికిత్సకు ఇంత అని ముందే రాసి ఉంటుంది, మిగతాది మీరే కట్టాలి. కాంప్రిహెన్సివ్‌లో సాధారణంగా అలా ఒక్కో చికిత్సకు విడిగా పరిమితి ఉండదు. పెద్ద వయసువాళ్లకు నేను కాంప్రిహెన్సివ్ వైపే మొగ్గుతాను, డిడక్టబుల్ (బిల్లులో ముందుగా మనం కట్టుకోవాల్సిన వాటా) కొంచెం ఎక్కువైనా సరే.

ఇక్కడి పాలసీ తీసుకునేవారు ప్రయాణానికి ముందే తీసుకోవాలి. డెబ్బై దాటితే ఈసీజీ, షుగర్, మూత్రం, క్రియాటినిన్ పరీక్షలు అడిగే కంపెనీలున్నాయి. శంషాబాద్ బయల్దేరే ముందు రోజు ఫోన్ చేస్తే నేను ఏమీ చేయలేను, నెల ముందు రండి. అక్కడికి వెళ్లాక ఇంకో మూడు నెలలు ఉండాలనుకుంటే పాలసీ ముగియకముందే పొడిగింపు అడగాలి. మొదటి మూడు నెలల్లో వచ్చిన కొత్త జబ్బు, పొడిగించిన కాలానికి పాత జబ్బు అయిపోతుంది. ఈ సంగతి చాలామందికి తెలియదు.

అపోహ: వీసాకు సరిపోయిన పాలసీ అంటే జబ్బుకూ సరిపోయినట్టే.

వాస్తవం: యూరప్ షెంగెన్ వీసాకు కనీసం 30,000 యూరోల వైద్య బీమా అడుగుతారు. పిల్లల దగ్గర ఎక్కువ కాలం ఉండటానికి తల్లిదండ్రులకు ఇచ్చే కెనడా సూపర్ వీసాకు కనీసం లక్ష కెనడా డాలర్లది, ఏడాదికి తగ్గకుండా. వీసా ఆఫీసు చూసేది మొత్తాన్ని, గడువును. మీ గుండెజబ్బు అందులో ఉందా లేదా అన్నది మీరే చూసుకోవాలి. అమెరికా విజిటర్ వీసాకు బీమా తప్పనిసరి కాదు, అందుకే అసలు తీసుకోకుండా పోయేవాళ్లూ ఉన్నారు. పాత జబ్బు కవర్ కాకపోయినా తీసుకోమనే చెబుతాను. కొత్తగా వచ్చే నిమోనియా, కాలు విరగడం, అపెండిక్స్ అందులో వస్తాయి.

అపోహ: రైలు టికెట్‌తో తీసుకున్న ఇన్సూరెన్స్ కాశీయాత్రలో గుండెపోటుకూ పనికొస్తుంది.

వాస్తవం: రాదు. రూపాయిలోపు కట్టే ఆ బీమా రైలు ప్రమాదాలకు సంబంధించింది. దేశం లోపల తిరిగేటప్పుడు మీ మామూలు హెల్త్ పాలసీయే ఆధారం, దాని కార్డు వెంట ఉంచుకోండి.

క్లెయిమ్ తిరస్కరించారని అక్కడితో వదిలేయవద్దు. కారణం రాతపూర్వకంగా అడగండి. ముందు కంపెనీలో ఫిర్యాదులు చూసే గ్రీవెన్స్ అధికారికి రాయాలి. నెలలో జవాబు రాకున్నా, వచ్చిన జవాబు నచ్చకున్నా బీమా వివాదాలు తీర్చే హైదరాబాద్‌లోని ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌కు ఏడాదిలోపు ఫిర్యాదు చేయవచ్చు. 50 లక్షల రూపాయల వరకు వివాదాలు చూస్తారు, ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు. ఐఆర్‌డీఏఐ ఫిర్యాదుల విభాగం బీమా భరోసా నంబరు 155255. జబ్బు నిజాయితీగా రాసినవాళ్ల తరఫున అక్కడికి వెళ్లాలంటే నాకు ధైర్యంగా ఉంటుంది.

ఇక బయల్దేరే ముందు. మీరు చూపించుకునే డాక్టరుతో ఒక ఉత్తరం రాయించుకోండి: జబ్బులు, ఎప్పటి నుంచి, ఏ మందు ఎంత డోసు, ప్రయాణానికి ఫిట్ అన్న మాట. డాక్టరు వద్దన్నా వెళితే పాలసీ పనిచేయదు. ఈమధ్యనే గుండె ఆపరేషన్ అయినవాళ్లను ఎయిర్‌లైన్ కూడా ఫిట్‌నెస్ అడుగుతుంది. మందులు షీట్లు విడదీయకుండా, డాక్టరు చీటీతో చేతి సంచిలో పెట్టుకోండి. అమెరికాకు మామూలుగా మూడు నెలలకు మించకుండా తీసుకుపోవచ్చు. జగిత్యాల, సిరిసిల్ల వైపు నుంచి పిల్లల దగ్గరికి దుబాయ్ వెళ్లేవాళ్లు ఇంకో జాగ్రత్త పడాలి. మోకాళ్ల నొప్పులకు ఇక్కడ రాసే ట్రమడాల్ లాంటి గోలీ అక్కడ నియంత్రణలో ఉన్న మందు, ముందస్తు అనుమతి లేకుండా సంచిలో ఉంటే కేసు అవుతుంది.

చివరగా ఒక చిన్న కాగితం. పాలసీ నంబరు, కంపెనీ 24 గంటల సహాయ నంబరు, జబ్బుల పేర్లు, గోలీల పేర్లు ఇంగ్లిషులో పెద్ద అక్షరాలతో రాసి లామినేషన్ చేయించి ఇస్తాను. ఆస్పత్రిలో చేరగానే మొదట ఆ నంబరుకు ఫోన్ చేయాలి, క్యాష్‌లెస్ (ఆస్పత్రికి కంపెనీయే నేరుగా కట్టే పద్ధతి) అక్కడి నుంచే మొదలవుతుంది. పోయినేడు వచ్చిన ఆ దంపతులకు కూడా ఇచ్చాను. స్టంట్ సంగతి రాసే పాలసీ తీసుకున్నారు, బిడ్డను ఒప్పించడానికి అరగంట పట్టింది. ఆరు నెలలుండి క్షేమంగా తిరిగొచ్చారు. మొన్న రోడ్డు మీద కనిపిస్తే ఆయన చొక్కా జేబులోంచి ఆ కార్డు తీసి చూపించారు, ఇంకా అందులోనే ఉంది.