వానలకి పోయిన పెట్రోలు వాసన ఎక్కడికి పోయింది?

విశాఖలో కొండ దిగువన ఉన్న ఒక పాత కాలనీ నుంచి ఒకావిడ అడిగారు: "మా వీధి చివర ఒకప్పుడు పెట్రోలు బంకు ఉండేది. ఎండాకాలంలో మా నూతి నీళ్లు పెట్రోలు వాసన కొడతాయి, చేదలో రంగుల తెట్టు తేలుతుంది. వానలు పడ్డాక రెండూ పోతాయి. అంటే నుయ్యి శుభ్రపడినట్టేనా?"

లేదండీ. పెట్రోలు మునిగింది, అంతే.

బడిలో "నూనె నీటి మీద తేలుతుంది" అని గ్లాసులో చూపించి పాఠం ముగించేస్తారు. ఆ గ్లాసులో ఇసుక కూడా వేస్తే అసలు సంగతి తెలుస్తుంది. నేను వేసి చూశాను. బీచ్ ఇసుక కడిగి గాజు సీసాలో పోసి, అడుగు దాకా సెలైన్ గొట్టం దించి, నీళ్లు నింపాను. పైన రెండు చెంచాల ఆవకాయ నూనె పోశాను. ఎర్రగా ఉంటుంది కాబట్టి ఎటు పోయిందో కనిపిస్తుంది.

గొట్టంతో నీళ్లు లాగాను. ఇది ఎండాకాలం. నీటి వెంటే నూనె దిగింది, దిగిన దారంతా ఇసుకకి ఎర్రటి పూత పట్టింది. మళ్లీ అదే గొట్టంతో నీళ్లు ఎక్కించాను. ఇది వానాకాలం. నూనెలో కొంచెమే పైకొచ్చింది. మిగతాది రేణువుల సందుల్లో పూసల్లా చిక్కుకుంది, చుట్టూ నీళ్లు కమ్మేశాయి. నాలుగుసార్లు దించి ఎక్కించేసరికి పైన తేలే నూనె దాదాపు లేదు. సీసా మధ్యలో మాత్రం నాలుగు వేళ్ల మందాన ఎర్ర పట్టీ ఉండిపోయింది.

ఆవిడ నూతి చుట్టూ మట్టిలో ఉన్నది ఆ పట్టీయే. మే నెలలో నీటిమట్టం దిగితే పూసలు కొన్ని కలిసి, పారి, నూతిలోకి చేరతాయి. అక్టోబరు, నవంబరు వానలకి మట్టం పెరిగితే మళ్లీ మునుగుతాయి. అప్పుడు తెట్టు ఉండదు, కానీ ప్రతి పూసలోంచీ పెట్రోలులో ఉండే బెంజీన్ అనే రసాయనం నీటిలోకి కరుగుతూనే ఉంటుంది.

ఎంత కరిగితే ప్రమాదం? బీఎస్-6 (ఇప్పటి కాలుష్య ప్రమాణం) పెట్రోలులో బెంజీన్ 1 శాతం దాకా ఉండొచ్చు. అంటే లీటరు పెట్రోలులో సుమారు 8.8 గ్రాములు. తాగే నీటికి ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు లీటరుకి 10 మైక్రోగ్రాములు. భాగించి చూస్తే, ఒక్క లీటరు పెట్రోలు దాదాపు 9 లక్షల లీటర్ల నీటిని హద్దు దాకా తెచ్చేయగలదు. ఆ మోతాదులో బెంజీన్ ముక్కుకి తెలియదు. ఇది క్యాన్సర్ తెచ్చే పదార్థం, అందుకే నాకు వాసన ఉన్న నూతి కన్నా వాసన పోయిన నుయ్యే ఎక్కువ టెన్షన్.

నీళ్లు వాసనొస్తే గంగమ్మకి పసుపూ కుంకుమా వేసి మొక్కేవాళ్లున్నారు, బ్లీచింగ్ పౌడరు చల్లేవాళ్లూ ఉన్నారు. మొక్కితే తప్పులేదు. కానీ ఆ నీళ్లు మాత్రం తాగొద్దు. బ్లీచింగ్ క్రిములకి పనిచేస్తుంది, పెట్రోలుకి కాదు.

పెట్రోలుని తినే క్రిములు మట్టిలోనే ఉంటాయి. పెట్రోలులో ఉండే మరో రసాయనం టోలుయిన్‌ని ఒక గ్రాము తినడానికి వాటికి 3 గ్రాములకి పైగా ఆక్సిజన్ కావాలి, నీటిలో కరిగేది లీటరుకి 8 మిల్లీగ్రాములే. అది అయిపోతే కొన్ని క్రిములు ఆక్సిజన్ బదులు తుప్పులోని ఇనుముని వాడుకుంటాయి, అంటే తుప్పుతో ఊపిరి పీలుస్తాయి! 1987లో అమెరికాలో పొటోమాక్ నది బురదలో దొరికిన జియోబ్యాక్టర్ అలాంటిదే. మన కొండరాయి చివికి అయిన ఎర్రమట్టి ఎరుపంతా ఆ తుప్పు ఇనుమే. కానీ గ్రాము టోలుయిన్‌కి 22 గ్రాముల ఇనుము ఖర్చవుతుంది, పూసల పక్కనున్నది త్వరగానే అయిపోతుంది. క్రిములు వాడిన ఇనుము నీటిలో కరుగుతుంది. అందుకే తేటగా తోడిన నీళ్లు గాలి తగిలాక తుప్పు రంగు తిరిగితే, అది ఈ క్రిముల పని కావచ్చు. ఎగువ ఇంటి నూతి నీళ్లతో పోల్చి చూడాలి, ఎందుకంటే కొన్నిచోట్ల ఇనుము మామూలుగానే ఉంటుంది.

శుభ్రం చేయాలంటే మొదట బంకు భూమిలో కారే ట్యాంకు ఉంటే తీసేయాలి. నీళ్లు తోడి యాక్టివేటెడ్ కార్బన్‌లో వడకట్టడం ఒక పద్ధతి, కానీ తోడిన కొద్దీ పూసలు మళ్లీ కరుగుతాయి. నా మాటైతే ఎండాకాలాన్ని వాడుకోవాలి. మట్టం దిగి పట్టీ గాలికి తేలినప్పుడు, బ్లోయర్‌తో మట్టిలోంచి ఆవిరి లాగేస్తే పెట్రోలు చాలా మటుకు బయటికొస్తుంది, వెనకాలే వచ్చే గాలి క్రిములకి ఆక్సిజన్ ఇస్తుంది.

పరీక్ష బోర్లు కనీసం మూడు, త్రిభుజంలా వేస్తేనే నీళ్లు ఎటు పారుతున్నాయో తెలుస్తుంది. నీళ్లు లోపలికి రావడానికి బోరు పైపుకి పెట్టే చీలికలు మే మట్టం నుంచి నవంబరు మట్టం దాకా ఉండాలి. చీలికలు నీటి అడుగునే మొదలైతే తేలే పెట్రోలు పైపులోకి రాదు, రిపోర్టులో "తెట్టు లేదు" అని వస్తుంది.

ఆవిడకి చెప్పేది: ఆ నీళ్లు తాగడం, వండడం ఈ రోజే ఆపండి. మరిగించొద్దు, ఆ ఆవిరి వంటింట్లోకే వస్తుంది. ల్యాబు వాళ్లిచ్చే చిన్న గాజు సీసాని గాలిబుడగ లేకుండా నిండా నింపి, ఐసులో పెట్టి పంపండి. మేలో ఒకసారి, నవంబరులో వాసన లేనప్పుడు మరోసారి.