హత్య కేసులో అప్పీలు: అపోహలు - వాస్తవాలు

"చార్జిషీటులో తేదీ తప్పు పడింది సార్. ఈ ఒక్క పాయింటు మీద కేసు కొట్టేస్తారట కదా?" హైకోర్టులో క్రిమినల్ అప్పీళ్లు చూసే నన్ను ఈ మాట వదలదు. ఎవరు చెప్పారంటే, జైల్లో ములాఖత్ (ఖైదీని కలిసే చోటు) దగ్గర ఎవరో అన్నారట!

కొట్టేయరు. విచారణలో పొరపాటు ఉంటే చాలదు, దానివల్ల ముద్దాయికి అన్యాయం జరిగిందని చూపించాలి. క్రిమినల్ కేసుల విచారణ పద్ధతి చెప్పే పాత చట్టం సీఆర్‌పీసీలో సెక్షన్ 465 చెప్పిందీ, దాని స్థానంలో వచ్చిన ఇప్పటి బీఎన్‌ఎస్‌ఎస్‌లో సెక్షన్ 511 చెప్పేదీ ఇదే. అచ్చుతప్పులతో అప్పీలు గ్రౌండ్స్ (కారణాలు) నింపితే అసలు పాయింటు అడుగున పడుతుంది.

ఒక ముద్దాయి తమ్ముడు సాక్షుల వాంగ్మూలాలన్నీ ఎర్ర పెన్నుతో గీతలు కొట్టి తెచ్చాడు. ఊరి పేరు తప్పు, టైము తేడా, ఇలాంటివే. పాపం, రాత్రుళ్లు కూర్చుని చేశాడు. అతను గీత పెట్టనిది 313 ఎగ్జామినేషన్, అంటే సాక్ష్యం మీద జడ్జి ముద్దాయినే ప్రశ్నలడిగి జవాబులు రాసుకునే భాగం. శిక్షకు ఆధారం కత్తి మీద రక్తం గురించిన ఎఫ్‌ఎస్‌ఎల్ (ఫోరెన్సిక్ ల్యాబ్) రిపోర్టు. దాని మీద ముద్దాయిని ఒక్క ప్రశ్నా అడగలేదు! అడగని అంశాన్ని ముద్దాయి మీద వాడకూడదని సుప్రీంకోర్టు 1984లోనే చెప్పింది. అయినా అప్పీలు గెలిచినట్టు కాదు. దాన్ని పక్కన పెట్టాక మిగతా సాక్ష్యం నిలుస్తుందా అన్నది చూస్తారు.

తప్పు పెద్దదైనా విడుదలే అనుకోవద్దు. మధ్యప్రదేశ్ కేసు ఒకదానిలో లీగల్ ఎయిడ్ లాయరును పెట్టిన రోజే చార్జీలు ఫ్రేమ్ చేసి (అభియోగాలు నమోదు చేసి), ఆయనకు సిద్ధమయ్యే టైము ఇవ్వకుండా రెండు వారాల్లో విచారణ ముగించారు. 2019లో సుప్రీంకోర్టు ఆ మరణశిక్షను రద్దు చేసి, మళ్లీ మొదటి నుంచి విచారించమంది.

సాక్షి చేత "అబద్ధం చెప్పాను" అని అఫిడవిట్ రాయించుకు రావడం మాత్రం వద్దు. హైకోర్టు చూసేది కింది కోర్టు రికార్డు. పైగా అది అబద్ధపు సాక్ష్యం మీద కొత్త కేసుకు దారి.

మరణశిక్షయితే గడువు 30 రోజులు, యావజ్జీవానికి 60. దాటితే ఆలస్యానికి కారణం చెప్పి పిటిషన్ వేయొచ్చు. డబ్బు లేకపోతే జైలు నుంచే అప్పీలు పంపొచ్చు, లాయరు ఉచితం.

అప్పీలు వేస్తే శిక్ష పెంచుతారని టెన్షన్ పడకండి. మీ అప్పీల్లో పెంచరు. ప్రభుత్వం అప్పీలు వేస్తేనో, కోర్టే నోటీసిస్తేనో ఆ మాట వస్తుంది.

యావజ్జీవం పడి ఐదేళ్లు జైల్లో గడిపినవాళ్లు, అప్పీలు తేలకపోతే, బెయిల్ అడగొచ్చని మన ఉమ్మడి హైకోర్టు 2016లో చెప్పింది. మినహాయింపులున్నాయి. మీవాడికి వర్తిస్తుందా అని ఫోన్లో అడిగితే చెప్పలేను, తీర్పు కాపీ తీసుకురండి.