ఓడలో ఎలక్ట్రికల్ ఉద్యోగానికి డబ్బు కట్టాలా? అపోహలు, వాస్తవాలు

సెలవు మీద ఇంటికొచ్చిన ప్రతిసారీ గాజువాకలో మా గుమ్మం ముందుకు ఎవరో ఒకరు ప్లాస్టిక్ ఫోల్డర్ పట్టుకుని వస్తారు. ఈసారి వచ్చింది సోంపేట దగ్గర నుంచి, మా అమ్మ వైపు దూరపు చుట్టం, నాకు వరసకు మావయ్య. కొడుకు డిప్లొమా ట్రిపుల్ ఈ చేశాడు.

“బాబూ, ఓడలో కరెంటు పనంట. ఆరు లక్షలు అడిగినారు, నాలుగు కట్టేసినాం. మిగతాది టికెట్ వచ్చినాక ఇమ్మన్నారు. ఓసారి ఈ కాయితం సూడు” అన్నాడు.

చూశాను. పైన లంగరు బొమ్మ, కింద గుండ్రటి రబ్బరు స్టాంపు. ‘ఎలక్ట్రికల్ ఆఫీసర్ ట్రైనీ’ అని ఉంది. ఓడ పేరు లేదు. ఓడను గుర్తుపట్టే ఐఎంవో నంబరు లేదు. ఓడ ఓనరు ఎవరో లేదు. షార్జాకు విజిట్ వీసా మీద వెళ్లి, అక్కడ రూములో ఉండి, ‘వెసెల్ రాగానే’ ఎక్కాలట. లైసెన్సు నంబరు మాత్రం చక్కగా అచ్చువేశారు. ఆ నంబరును, ఓడల రంగాన్ని చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ డీజీ షిప్పింగ్ వెబ్‌సైటులో వెతికితే ముంబైలోని వేరే కంపెనీది. సైటులో ఉన్న ఫోనుకు మావయ్య ఎదురుగానే చేశాను. అలాంటి ఉత్తరం తాము ఇవ్వలేదని రెండు నిమిషాల్లో చెప్పేశారు.

మావయ్య చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, “జీడితోట తాకట్టు ఎట్టినాం బాబూ” అన్నాడు.

నేను ఈటీవోని, అంటే ఓడలో ఎలక్ట్రో టెక్నికల్ ఆఫీసర్ని. 14 ఏళ్లుగా ఆయిల్ ట్యాంకర్లు, కంటైనర్ ఓడల మీద పనిచేస్తున్నాను. ఈ ఫోల్డర్లు చూసీ చూసీ విసుగొచ్చి ఇది రాస్తున్నాను. విసుగు ఆ తండ్రుల మీద కాదు.

అపోహ: డబ్బు కట్టనిదే ఓడ ఎక్కించరు, అందరూ కడుతున్నారు

దీని గురించే ఎక్కువ రాస్తాను. కుటుంబాలను ముంచుతున్నది ఇదే.

మన దేశంలో ఓడ ఉద్యోగాలకు మనుషుల్ని పంపాలంటే డీజీ షిప్పింగ్ ఇచ్చే లైసెన్సు ఉండాలి. దాన్నే ఆర్‌పీఎస్‌ఎల్ అంటాం. ఆ లైసెన్సు ఉన్న కంపెనీ ఉద్యోగం ఇచ్చినందుకు మీ దగ్గర ఒక్క రూపాయి తీసుకోకూడదు. ఇది మన 2016 నాటి నిబంధనల్లో ఉంది. ఎంఎల్‌సీ అనే అంతర్జాతీయ ఒప్పందంలోనూ ఉంది, దాన్ని మన దేశం 2015లో ఆమోదించింది. మీరు పెట్టుకోవాల్సిన ఖర్చు పాస్‌పోర్టు, సీడీసీ అనే నావికుడి పుస్తకం, మెడికల్ పరీక్ష. అంతే. వీసా ఖర్చు ఓడ యజమానిది. మీ తప్పు లేకుండా కాంట్రాక్టు పూర్తిచేసి తిరిగొచ్చే టికెట్టూ ఆయనదే. కోర్సు ఫీజు ఉంటుంది కానీ అది ఇన్‌స్టిట్యూట్‌కు, రసీదు తీసుకుని కట్టేది. ‘సర్వీస్ ఛార్జి’, ‘డాక్యుమెంటేషన్’, ‘జాయినింగ్ డిపాజిట్’... పేరు ఏదైనా పెట్టనివ్వండి, ఉద్యోగం కోసం అడిగారంటే అది నేరం.

ఇది చెప్పగానే వచ్చే మాట ఒకటే. “అది రూలు బాబూ, బయట జరిగేది వేరు. మా ఊర్లో ఫలానావాడు కట్టే వెళ్లాడు.” వెళ్లాడు, నిజమే. ఎక్కడికి వెళ్లాడో అడిగారా? గల్ఫ్‌లో తుప్పు పట్టిన చిన్న ఓడ మీదికి. నాలుగు నెలలు జీతం రాక, తాగునీళ్లు కొలిచి తాగిన పిల్లల్ని నేను ఒక రేవులో కళ్లారా చూశాను. మా ఓడ పక్కనే కట్టి ఉంది వాళ్లది. రాత్రి మా ఓడ ఎక్కే మెట్లు, అదే గ్యాంగ్‌వే, దగ్గరికొచ్చి ఒకడు తెలుగులో “అన్నా, ఒక డేటా కార్డుంటే ఇస్తావా, ఇంటికి ఫోన్ చెయ్యాలి” అని అడిగాడు. ఇచ్ఛాపురం అబ్బాయి. ఆ గొంతు నాకింకా వినిపిస్తూనే ఉంటుంది.

వీళ్లకు ఇంకో దెబ్బ తగులుతుంది. అడ్డదారిలో చేసిన ఆ సర్వీసును తర్వాత నిరూపించుకోవడానికి నానా తిప్పలు పడాలి. డబ్బు, ఏడాది వయసు, సీ టైమ్ (ఓడ మీద పనిచేసినట్టు లెక్కలోకొచ్చే కాలం) మూడూ పోతాయి.

మరి మొదటి ఉద్యోగం అంత కష్టం ఎందుకు? ఇక్కడ నిజం దాచను. ఒక ఓడలో ఇంజినీర్లు నలుగురుంటారు, ఈటీవో ఒక్కడే. కొన్ని కంపెనీలు ఆ ఒక్కణ్ని కూడా పెట్టుకోవు, ఎందుకంటే ప్రతి ఓడలో ఈటీవో ఉండి తీరాలని అంతర్జాతీయ నియమం లేదు. ట్రైనీ సీట్లు ఇంకా తక్కువ. ఆ ఇరుకులోనే దళారీ దూరతాడు. అందుకని నేను పిల్లలకు చెప్పేది ఒకటే: ఈటీవో కోర్సులో చేరకముందే కంపెనీ ఇంటర్వ్యూ పాసవ్వు, కోర్సయ్యాక ట్రైనీగా తీసుకుంటామనే స్పాన్సర్‌షిప్ లెటర్ తీసుకో, ఆ తర్వాతే ఫీజు కట్టు. కోర్సు అయ్యాక ఉద్యోగం వెతుక్కోవడం మొదలెడితే ఏడాదైనా తిరగాల్సి రావచ్చు. తిరిగి తిరిగి విసిగినవాడే ఆరు లక్షలకు తలూపుతాడు.

ఆర్‌పీఎస్‌ఎల్ నంబరు చూసేటప్పుడు ఉత్తరంలో ఉన్న ఫోను నంబరుకు చేయొద్దు. అది ఎత్తేది దళారీయే. డీజీ షిప్పింగ్ జాబితాలో ఆ లైసెన్సు ఇప్పటికీ చెల్లుతోందా, రద్దయిందా చూసి, అక్కడున్న నంబరుకు చేయండి. ఇన్‌స్టిట్యూట్ విషయంలోనూ అంతే. ‘ఆరు నెలల మెరైన్ ఎలక్ట్రికల్ డిప్లొమా’ అని పాంప్లెట్ కనిపిస్తే ఆ కోర్సుకు డీజీ ఆమోదం ఉందో లేదో అక్కడే తెలుస్తుంది. ఇంకా అనుమానముంటే విశాఖపట్నంలో డీజీ షిప్పింగ్ కింద పనిచేసే ఎంఎండీ ఆఫీసు ఉంది, వెళ్లి అడగండి.

అపోహ: సీడీసీ వచ్చిందంటే ఉద్యోగం వచ్చినట్టే

కాదు. సీడీసీ మీరు నావికుడని చెప్పే గుర్తింపు పుస్తకం, సీ టైమ్ ఎక్కించుకునే పుస్తకం. ఎస్‌టీసీడబ్ల్యూ అనే అంతర్జాతీయ నియమావళి ప్రకారం నాలుగు బేసిక్ కోర్సులు, సెక్యూరిటీ కోర్సు చేసి సీడీసీ తీసుకుని ఇంట్లో కూర్చున్నవాళ్లు మన జిల్లాల్లో ఎంతమంది ఉన్నారో! ఈటీవో కావాలంటే ఎలక్ట్రికల్ లేదా ఎలక్ట్రానిక్స్ డిప్లొమానో డిగ్రీనో ఉండి, ఈటీవో కోర్సు చేసి, ట్రైనీగా సీ టైమ్ పూర్తిచేసి, పరీక్ష రాసి సర్టిఫికెట్ తెచ్చుకోవాలి. ఐటీఐ చేసినవాళ్ల దారి వేరు. రేటింగ్‌గానో (ఆఫీసర్ల కింద పనిచేసే సిబ్బంది) ఫిట్టర్‌గానో ఎక్కుతారు. అదీ గౌరవమైన పనే, మంచి ఫిట్టర్ లేని ఇంజిన్ రూమ్‌ను ఊహించలేను. కానీ ఐటీఐ సర్టిఫికెట్ చూసి ‘నేరుగా ఆఫీసర్ని చేస్తాం’ అనేవాడు అబద్ధమాడుతున్నాడు.

అపోహ: ఈటీవో అంటే బల్బులు మార్చేవాడు

ఈ మాట బయటివాళ్లంటే బాధ లేదు. కొత్తగా వచ్చిన ట్రైనీలే నమ్మి వస్తారు, అదీ బాధ.

బల్బుల సంగతే చెబుతాను. ఓడలో కరెంటు ఇంట్లో కరెంటులా ఉండదు. మెయిన్ స్విచ్‌బోర్డు సాధారణంగా 440 వోల్టులు, 60 హెర్ట్జ్. న్యూట్రల్‌ను ఓడ బాడీకి కలపరు. దానివల్ల ఎక్కడైనా ఒక తీగ బాడీకి తగిలినా ట్రిప్ అవదు, మెషీను ఆగదు. సముద్రం మధ్యలో స్టీరింగ్ మోటారు ఆగిపోకూడదని ఆ ఏర్పాటు. కానీ మీటరు మీద ఇన్సులేషన్ పడిపోతుంది, ఎర్త్ అలారం వస్తుంది. దాన్ని వదిలేసి కూర్చుంటే రెండో ఎర్త్ ఇంకో ఫేజ్ మీద వచ్చినప్పుడు షార్ట్ అవుతుంది. అందుకే మొదటిది కనిపించగానే వెతకాలి.

ఒకసారి బంగాళాఖాతంలో, వానాకాలం, రాత్రంతా ఓడ ముక్కు అలల్లో మునుగుతూ లేస్తూ ఉంది. తెల్లవారుజామున 220 వోల్టుల లైటింగ్ మీద ఎర్త్ వచ్చింది. బ్రిడ్జికి, అంటే ఓడ నడిపే గదికి, చెప్పి ఒక్కొక్క బ్రేకరే తీస్తూ, మీటరు ముల్లు వంక చూస్తూ ఉన్నాను. గ్యాలీ (వంటగది) తీశాను, కదల్లేదు. క్యాబిన్లు, కదల్లేదు. ఫోర్‌వర్డ్ డెక్ లైట్లు తీయగానే ముల్లు పైకి లేచింది. వాతావరణం తెరిపిచ్చాక చీఫ్ ఆఫీసర్ అనుమతి తీసుకుని, బ్రేకరుకు తాళం వేసి, ఫోక్సల్ (ఓడ ముక్కు దగ్గరి డెక్) మీదికి వెళ్లాను. ఫ్లడ్ లైటు అద్దం నట్లు విప్పగానే లోపలి ఉప్పునీళ్లు నా చేతి మీదుగా మోచేతి దాకా కారాయి. గ్యాస్కెట్ ఎండి పగిలిపోయింది. లోపల రాగి టెర్మినళ్లు పచ్చగా చిలుం పట్టాయి. అర అంగుళం రబ్బరు చీలిక! దాన్ని పట్టుకోవడానికి ఐదు గంటలు పట్టింది. అవును, బల్బు కూడా మార్చాను.

ఇంతకన్నా చిన్నదాని వల్ల ఎంత నష్టం జరిగిందో లోకమంతా చూసింది. 2024 మార్చి 26న అమెరికాలోని బాల్టిమోర్‌లో ‘డాలీ’ అనే కంటైనర్ ఓడ కరెంటు పోయి ఫ్రాన్సిస్ స్కాట్ కీ వంతెనను గుద్దింది. వంతెన మీద రోడ్డు పని చేస్తున్న ఆరుగురు చనిపోయారు. అక్కడి రవాణా భద్రతా బోర్డు విచారణలో తేలిందేమిటంటే, ఒక సిగ్నల్ తీగకు తొడిగిన పేరు లేబుల్ ఉండాల్సిన చోట లేదు, అందుకే ఆ తీగ టెర్మినల్‌లోకి పూర్తిగా దిగలేదు. అది వదులై బ్రేకరు పడింది. ఆ నివేదిక చదివాక నేను ఎక్కిన ఓడలో మెయిన్ స్విచ్‌బోర్డు కంట్రోల్ తీగల్ని, చీఫ్ ఇంజినీరును అడిగి షట్‌డౌన్ తీసుకుని, ఒక్కొక్కటీ వేలితో లాగి చూశాను. రెండు ఊడి చేతికొచ్చాయి.

ఇంకా ఉన్నాయి, గబగబా చెప్పేస్తాను.

‘మర్చంట్ నేవీ అంటే నేవీయే కదా, గవర్నమెంటు ఉద్యోగం.’ కాదు. ఇండియన్ నేవీ రక్షణ దళం, ఐఎన్‌ఎస్ చిల్కాలో ట్రైనింగ్ ఇచ్చేది వాళ్లకు. మాది సరుకు ఓడల ఉద్యోగం. కాంట్రాక్టు ఉన్నన్నాళ్లే జీతం, సెలవుల్లో చాలామందికి ఏమీ రాదు. సంబంధాలు మాట్లాడేటప్పుడు నెల జీతాన్ని 12తో గుణించకండి.

‘ట్యాక్సే ఉండదు.’ అందరికీ కాదు. విదేశీ ప్రయాణాల మీద ఉండి, ఆర్థిక సంవత్సరంలో మన దేశంలో 182 రోజుల కంటే తక్కువ ఉన్నవాళ్ల సంగతి అది. సైన్ ఆన్, సైన్ ఆఫ్ తేదీలు, అంటే ఓడ ఎక్కిన, దిగిన తేదీలు లెక్కపెట్టుకోవాలి.

‘కళ్లద్దాలుంటే తీసుకోరు.’ ఇంజిన్ వైపు నిర్ణీత పరిమితి దాకా అద్దాలు పర్వాలేదు. రంగులు గుర్తుపట్టలేకపోతే మాత్రం కుదరదు, తీగల రంగులతో బతికే పని ఇది. కోర్సు ఫీజు కట్టకముందే డీజీ ఆమోదించిన డాక్టరు దగ్గర కలర్ విజన్ చూపించుకోండి.

‘ఈత రాకపోతే చేరనివ్వరు.’ నాకు రాదు. పీఎస్‌టీ అనే ప్రాణరక్షణ కోర్సులో లైఫ్ జాకెట్ వేసుకుని కొలనులో దూకాలి, నీళ్లలో తేలుతూ కదలాలి, భయపడకపోవడమే ముఖ్యం.

‘ఆడపిల్లలకు ఇంజిన్ రూమ్ కుదరదు.’ నా కింద ట్రైనీగా చేసిన అమ్మాయి మెగ్గర్ (ఇన్సులేషన్ కొలిచే మీటరు) పట్టిన తీరు చూస్తే ఈ మాట మళ్లీ ఎవరూ అనరు.

మళ్లీ మావయ్య దగ్గరికి వస్తాను. నాలుగు లక్షల్లో లక్షన్నర తిరిగొచ్చింది, మిగతాదానికి పోలీసు కేసు నడుస్తోంది. కుర్రాడు ఇప్పుడు మా ఇంటి దగ్గరే ఒక మోటారు రీవైండింగ్ షాపులో పనిచేస్తూ కంపెనీ ఇంటర్వ్యూలకు చదువుతున్నాడు. ఆ షాపులో నేర్చుకునే పని ఓడలో రేపు వాడికి అక్కరకొస్తుంది.

మీలోనూ ఇప్పటికే కట్టేసినవాళ్లు ఉంటారు. సిగ్గుపడి ఇంట్లో దాచకండి. మోసపోవడం మీ తప్పు కాదు. మిగతా డబ్బు ఆపేయండి. బ్యాంకు రసీదులు, ఫోన్‌పే స్క్రీన్‌షాట్లు, వాట్సాప్ మెసేజ్‌లు ఏవీ చెరిపేయకుండా ప్రింట్లు తీసి, పోలీసులకూ డీజీ షిప్పింగ్‌కూ ఫిర్యాదు రాయండి. విజిట్ వీసా మీద టికెట్ వచ్చి ఉంటే విమానం ఎక్కొద్దు. కట్టిన డబ్బు పోతుందన్న భయంతోనే పిల్లలు ఎక్కుతున్నారు, ఆ రూముల్లో ఇరుక్కుంటున్నారు. ఇప్పటికే ఓడ మీద ఉండి రెండు నెలల జీతం రాకపోతే, ఎంఎల్‌సీ ప్రకారం ఓనరు మిమ్మల్ని వదిలేసినట్టే లెక్క. నాలుగు నెలల దాకా జీతం బకాయిలకూ, ఇంటికి చేర్చే ఖర్చుకూ బీమా పూచీ ఉండాలి. ఆ సర్టిఫికెట్ ఓడలో అందరికీ కనిపించే చోట అంటించి ఉండాలి. దాన్ని ఫోటో తీసి ఇంటికి పంపండి.

పాస్‌పోర్టు, సీడీసీ ఒరిజినల్స్ దళారీ దగ్గర ఉంటే ఈరోజే వెళ్లి, వెంట ఇద్దరు పెద్దవాళ్లను తీసుకెళ్లి, ముందు అవి తెచ్చుకోండి.